పండ్లగుట్ట మీద ప్రతిజ్ఞ

ఆషాఢం వచ్చిన మొదటి సోమవారం, పొద్దున తొమ్మిదిన్నర. గడియారం చూసి చెబుతున్న మాట కాదు. ఏడుపాయల గుడికి పోయే బస్సు మా గుట్ట మలుపులో హారన్ కొట్టేది సరిగ్గా ఆ వేళకే. ఆ హారన్ చెవిలో ఉండగానే సారు నా చేతిలో మైకు పెట్టాడు.

ఇది ఇన్నేళ్లకు రాయడానికి కారణం ఉంది. మొన్న ఒక పెండ్లిలో నా పక్క విస్తరి ముందు కూర్చున్న పెద్దమనిషి, మెదక్‌లో దుకాణాలున్నవాడు, పప్పు కలుపుకుంటూ నన్ను గుర్తుపట్టాడు. "మీరే గదా అవ్వా, అప్పుడు సర్కారు చెట్లు పెడ్తనంటే అడ్డం పడ్డది. ఇప్పుడు ఎండలు సూడు, ఎట్ల కొడ్తున్నయో" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పక్కనున్న వాళ్లు కూడా నవ్వారు. నేను విస్తరి ముందు నుంచి లేచి వచ్చాను. ఆకలి మీద లేచాను కాబట్టి కోపం ఇంకా దిగలేదు. చెట్లు పెట్టొద్దని మేము ఏనాడూ అనలేదు. ఉన్న చెట్లు కొట్టొద్దన్నాము. ఈ రెండు మాటలకూ తేడా తెలియని మనిషితో నోటితో చెబితే అయ్యే పని కాదు. రాసి పెడితే చదువుకుంటాడేమో చూద్దాం.

మా వాడ మెదక్ పట్నం చివర ఉంది. వాడ వెనకాల ఒక గుట్ట. సర్కారు కాగితాల్లో దానికి నంబరే తప్ప పేరు లేదు. మేము పండ్లగుట్ట అంటాము, మా తాతలూ అదే అన్నారు. గుట్ట నిండా సీతాఫలం చెట్లు. ఎవరూ నాటినవి కావు, ఎవరూ ఒక చెంబు నీళ్లు పోసినవి కావు. మధ్య మధ్య రేగు, పరికి, తంగేడు. బతుకమ్మ పండుగకు మా వాడ మొత్తానికి తంగేడు పువ్వు అక్కడి నుంచే దిగేది. ఎండాకాలంలో చూస్తే మాత్రం ఎండిన పుల్లలు, రాళ్లు. జీపులో పోయేవాడి కంటికి అది బీడే. రెండు వానలు పడితే ఆకు వస్తుంది, ఆకు చాటున మిరియపు గింజంత పిందె పడుతుంది. బతుకమ్మ నాటికి కాయ కన్ను తెరుస్తుంది. సీతాఫలం కాయ మీది గట్లు ఎడమై మధ్యలో తెల్లగా కనబడితే కన్ను తెరిచిందంటాము. అప్పుడు కోసి గడ్డిలో మాగబెట్టి, గంపలకెత్తి బస్టాండు ముందు కూర్చుంటే హైదరాబాదు పోయేవాళ్లు బస్సు కిటికీలోంచే కొనుక్కునేవాళ్లు.

వాడలో అందరికీ ఆ గుట్ట కొంత ఆసరా. మా వదినకు మాత్రం అదే తిండి. మా అన్న భార్య ఆమె. చిన్నప్పుడే ఎడమకాలు సన్నబడిపోయింది. బురదలో దిగి నాట్లు వేయలేదు, ఇటుక మోయలేదు. బీడీలు చుట్టడం నేను నేర్పించబోయాను. ఆ పొడి ఆమెకు పడలేదు, దగ్గి దగ్గి కళ్లలో నీళ్లు. కానీ చేతిలో కర్ర పట్టుకుని గుట్ట ఎక్కితే మేకకన్నా కుదురుగా ఎక్కేది. మా అన్న గల్ఫు పోతానని బొంబాయి దాకా పోయి వచ్చి, అటు తరువాత ఏ పనికీ పెద్దగా పోలేదు. ఇంట్లో పొయ్యి వెలిగించింది వదిన. పండ్ల కాలంలో పండ్లు, తక్కిన కాలంలో గుట్ట మీది రేగుపండ్లు, చీపురు పుల్ల, ఎండు కట్టె. ఆ గుట్ట లేకపోతే ఆమె ఏం తినాలి? ఈ ఒక్క ప్రశ్న గుర్తు పెట్టుకుని తక్కిందంతా చదవండి.

నా సంగతి చెప్పాలంటే, నేను బీడీలు చుట్టినదాన్ని. పిల్లల పెండ్లిళ్లయ్యాక అక్షరాలు నేర్చుకున్నాను. అప్పట్లో వాడవాడకూ సాయంత్రపు బడులు పెట్టారు. మా వాడకు వచ్చిన సారు మా వీధి పిల్లవాడే. పెద్ద చదువు చదివి నౌకరి లేక తిరుగుతున్నవాడు. నాకన్నా చాలా చిన్నవాడు, అయినా సారే. నా వేలు పట్టుకుని పలక మీద దిద్దించాడు. వత్తులు నాకు చాలా కాలం లొంగలేదు. అన్నిటికన్నా చివర జ్ఞ వచ్చింది. "గిది అక్షరమా, ముడేసిన తాడా" అని అడిగితే సారు పడిపడి నవ్వాడు. ఆ సారు అంటే నాకు ఇప్పటికీ గౌరవమే. ఆయన మీద కోపం కూడా ఉంది. రెండూ ఉండొచ్చు.

నాలాగా ముసలితనంలో చదువు నేర్చినవాళ్లకు ఒక ఇబ్బంది ఉంటుంది. నోరు ముందు చదువుతుంది, అర్థం వెనకనుంచి నడుచుకుంటూ వస్తుంది. అక్షరం అక్షరం పట్టుకుని మాట పూర్తిచేసి, ఆ మాట నా చెవికి నేనే వినిపించుకుంటే గాని అదేమిటో తెలియదు. ఆ రోజు జరిగిందంతా దీనివల్లనే జరిగింది.

అవి ప్రత్యేక రాష్ట్రం మాట మళ్లీ లేచిన రోజులు. వానలు వరసగా మొగం చాటేసి బోర్లన్నీ ఎండిపోయిన రోజులు కూడా. చెరువు కింద రైతులు హైదరాబాదు పోయి కంపెనీల గేట్ల దగ్గర వాచ్‌మన్లయ్యారు. సారు పొద్దున ఉద్యమం మీటింగులకు పోయేవాడు. సాయంత్రం చదువు బడి మూతపడింది కాబట్టి సర్కారు కొత్త పథకంలో చిన్న నౌకరి దొరకబుచ్చుకున్నాడు. ఊళ్లు తిరిగి పథకం గురించి చెప్పే నౌకరి.

పథకం ఏమిటంటే డీజిల్ చెట్లు. బీడు భూములన్నిటిలో అడవి ఆముదం పెట్టాలి. మా వైపు నేపాళం అంటాము. ఆ గింజల నూనె తీసి బస్సుల్లో, లారీల్లో పోస్తారట. పొగ తగ్గుతుంది, భూమి వేడి తగ్గుతుంది, వానలు దారిలోకి వస్తాయి, మొక్కలు పెట్టినందుకూ గింజలు ఏరినందుకూ మాకు పని దొరుకుతుంది, కరువు జిల్లా అన్న పేరు పోతుంది. సారు మా అరుగు మీద కూర్చుని ఇదంతా కండ్లు మెరుస్తుండగా చెప్పాడు.

నేపాళం గింజ తింటే కడుపు జారుతుందని మా వైపు చంటిపిల్లకు కూడా తెలుసు. మా వదిన బియ్యం చెరుగుతూ అంతా విని, "అయితే సారూ, నేపాళం తాగిన బస్సు ఏడుపాయల దాంక ఆగకుంట పోతదా, నడ్మ ప్రతి చెలక కాడ ఆగుతదా" అంది.

సారు కూడా నవ్వాడు. "నవ్వు గాని వదినె, మన జిల్లాకు కొత్త బతుకు వస్తది. నువ్వే సూస్తవ్" అన్నాడు.

"కొత్త బతుకు వస్తే రానియ్. పాత బతుకును జర జరిగి కూసొమ్మంటే సాలు, లేచి పొమ్మనొద్దు" అంది వదిన.

ఆ మాట అన్నప్పుడు గుట్ట సంగతి మాకెవరికీ తెలియదు. బీడు అంటే బీడే అనుకున్నాము. పండ్లగుట్టను బీడు అంటారని మా కలలోకి కూడా రాలేదు.

ఆ సోమవారానికి ముందురోజు సారు వాడలోని ఆడవాళ్లందరినీ పోగుచేసి, రేపు గుట్ట కింద మీటింగు, పెద్దాఫీసరు వస్తున్నాడు, అందరూ ప్రతిజ్ఞ చేయాలి అని చెప్పాడు. ప్రతిజ్ఞ ఎట్లా చేయాలో కూడా నేర్పాడు. "కుడి చెయ్యి ముందుకు సాపి పట్టాలె. మైకుల ఏ మాటొస్తే ఆ మాట మీరూ అనాలె. ముక్క కూడా తప్పిపోవద్దు" అన్నాడు. చదివేది నేను. ముసలితనంలో అక్షరాలు నేర్చిన మనిషి చదివితే ఆఫీసరు మెచ్చుకుంటాడని సారు ఆశ. పై నాలుగు వరసలు రాసిచ్చాడు. ఇంట్లో కూర్చుని అవి నోటికి వచ్చేదాకా చదివాను. మిగతాది పొద్దున ఆఫీసు నుంచి వస్తుందన్నాడు.

పొద్దున గుట్ట కిందికి పోతే షామియానా వేసి ఉంది. షామియానా పక్కన పొక్లెయిన్ నిలబడి ఉంది. దానికి పసుపు, కుంకుమ, మెడలో బంతిపూల దండ. నిమ్మకాయలు కూడా పెట్టారు. అది గుంతలు తవ్వడానికి వచ్చిందనుకున్నాము.

పొక్లెయిన్ మా పటేల్‌ది. పటేల్ అంటే మా వైపు భూములున్న పెద్దింటాయన. ఆయన తండ్రి వ్యవసాయం చేశాడు. ఈయన వ్యాపారం చేస్తాడు, రాజకీయం చేస్తాడు. మొక్కలు పెంచిన నర్సరీ ఆయనదే. ప్రత్యేక రాష్ట్రం సభల్లో వేదిక మీద ముందు వరస కుర్చీ కూడా ఆయనదే. ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతుంటే పక్కన నిలబడి చప్పట్లు కొట్టేవాడు. ఆ బతుకమ్మలో పేర్చిన తంగేడు ఏ గుట్ట మీదిదో ఆయనకు తెలియదని నేను నమ్మను.

ఆఫీసరు వయసులో చిన్నవాడే. కోస్తా వైపు మాట. ఆ రోజుల్లో ఆ మాట వినబడితే చాలు, మా వాళ్లకు ఒళ్లు మండేది. నాకు మాత్రం ఆయన యాస మీద కోపం రాలేదు. చెమటలు కారుతుంటే తుడుచుకుంటూ, "అమ్మా, భూమి వేడెక్కిపోతోంది. ఇంకో ఇరవై ఏళ్లకు ఇక్కడ నీళ్ల కోసం ఏడవాల్సి వస్తుంది. మనమే మొదలుపెట్టాలి" అన్నాడు. ఆ మాట నిజమని నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. ఎండ ఎంత కాస్తుందో నాకు ఒకరు చెప్పాలా. మా చెట్ల మీదికి బండి తోలమన్న పటేల్ మా యాసే మాట్లాడాడు. కాబట్టి యాసల లెక్క నా దగ్గర చెప్పకండి.

వరస ఇట్లా ఉంది. ముందు ప్రతిజ్ఞ, తరువాత ఆఫీసరు కొబ్బరికాయ కొడతాడు, ఆ తరువాత పొక్లెయిన్ కదులుతుంది. మేకలు మేపే ముసలాయన కూడా వచ్చి కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. వాడలో అందరమూ ఆయన్ని బాపు అంటాము. ఏడుపాయల బస్సు హారన్ కొట్టింది. సారు మైకులో, "అందరూ కుడి చెయ్యి ముందుకు చాపండి" అన్నాడు.

మా ఆడవాళ్లందరూ చేతులు చాపి ఒక్క గొంతుతో, "అందరూ కుడి చెయ్యి ముందుకు చాపండి" అన్నారు.

"అది కాదు, అది అనొద్దు" అన్నాడు సారు.

"అది కాదు, అది అనొద్దు."

ఆఫీసరు నవ్వాపుకోవడానికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. తప్పు మావాళ్లది కాదు. మైకులో ఏది వస్తే అది అనమని నేర్పింది సారే. ఆయన ఇక మాట్లాడకుండా మైకు నా చేతికిచ్చి, కాగితం నా ముందు పట్టుకున్నాడు.

నేను మొదలుపెట్టాను. ప్రతిజ్ఞ అన్న మాట జ్ఞతో సహా సరిగ్గా పలికాను. మెదక్ పట్టణ వాసులమైన మేము, అన్నాను. అందరూ అన్నారు. రేపటి తరాల కోసం. అన్నారు. భూతాపమును తగ్గించుటకు. అన్నారు. నాకు లోపల పొంగిపోతున్నది. నా నోట్లోంచి వచ్చిన అక్షరం అంతమంది నోట్లోంచి తిరిగి రావడం ఎట్లా ఉంటుందో మీకు చిన్నప్పుడే చదువు వచ్చింది కాబట్టి తెలియదు.

అక్కడితో నాకు తెలిసిన వరసలు అయిపోయాయి. ఆఫీసు నుంచి వచ్చిన వరసలు మొదలయ్యాయి. అక్షరం అక్షరం పట్టుకున్నాను. ని, రు, ప, యో, గం, గా. నిరుపయోగంగా పడి ఉన్న. అందరూ అన్నారు. ఈ బంజరు భూమిలోని. అన్నారు. పిచ్చి మొక్కలను. అన్నారు. ముందు వరసలో మా వదిన కర్ర చంకలో పెట్టుకుని, చేయి చాపి, గొంతెత్తి అంటున్నది. పిచ్చి మొక్కలను సమూలంగా.

సమూలంగా అన్న మాట నేను ఎన్నడూ వినలేదు. తెలియనిది అడగమని సారే నేర్పాడు. తల తిప్పి, "సమూలంగ అంటే ఏంది సారూ" అన్నాను. మైకు మూతి దగ్గరే ఉంది.

"సమూలంగ అంటే ఏంది సారూ" అన్నారు అందరూ.

సారు నా చెవి దగ్గరికి వంగి మెల్లగా చెప్పాడు. మైకు ఆ మెల్లటి మాటను కూడా పట్టుకుంది.

"వేర్లతో సహా."

"వేర్లతో సహా" అన్నారు మా వాళ్లు.

అప్పుడు వెనకనుంచి అర్థం వచ్చి చేరింది. నాకొక్కదానికే కాదు, అందరికీ. చాపిన చేతులు చాపినట్టే ఉన్నాయి. అందరూ ముందు పొక్లెయిన్ వైపు చూశారు, ఆ తరువాత గుట్ట వైపు చూశారు. అంతకుముందు పడ్డ వానకు గుట్ట మీద లేత ఆకు వచ్చి ఉంది.

మా వదిన మైకు లేకుండానే అడిగింది. "ఏం మొక్కల వేర్లు సారూ?"

సారు కాగితం మడవబోయాడు.

"ఏం మొక్కలో నేను సెప్తనా? గా మొక్కలేనా?" అని కర్రతో గుట్టను చూపించింది. "నా నోటితోని నేనే అంటినా ఇప్పుడు, పిచ్చి మొక్కలని?"

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. ఆ కోపమే ఇప్పటిదాకా ఉంది. కొట్టేవాడు కొట్టొచ్చు, గుంజుకునేవాడు గుంజుకోవచ్చు, అది లోకంలో ఉన్నదే. కానీ ఎవరి తిండి గుంజుకుంటున్నారో ఆ మనిషి చేతే, చేయి చాపించి, అది తిండి కాదు పిచ్చి మొక్క అని అనిపించడం ఉందే, అది నేను ఎక్కడా చూడలేదు. పైగా అది నా గొంతుతో అనిపించారు. ముసలితనంలో కష్టపడి తెచ్చుకున్న నా అక్షరాలతో అనిపించారు.

మైకు గట్టిగా పట్టుకుని, "గిది నేను సదవ" అన్నాను.

"గిది నేను సదవ" అన్నారు అందరూ.

ఇది కూడా నేర్పిన అలవాటు ప్రకారం అన్నదే. కావాలని అనలేదు. కానీ అన్న తరువాత వాళ్ల మాట వాళ్లకే వినబడింది. మిషన్ మీద బట్టలు కుట్టే ఆమె మొగంలోకి నవ్వు రావడం నేను చూశాను.

ఆఫీసరు లేచాడు. "మైక్ ఆపండి" అన్నాడు.

"మైక్ ఆపండి."

ఈసారి అలవాటు కాదు.

పటేల్ వచ్చి నా ముందు నిలబడ్డాడు. "ఏందే అక్కా గీ తమాషా" అన్నాడు.

"ఏందే అక్కా గీ తమాషా" అన్నారు. ఆయన గొంతు, ఆయన సాగదీత, అన్నీ వచ్చాయి. చాయ్ హోటల్ ఆమె అయితే ఆయన మెడ తిప్పినట్టు మెడ కూడా తిప్పింది.

"మీకే పని దొర్కుతది. మీ బతుకులు బాగుపడ్తయని తెచ్చినం" అన్నాడు పటేల్. దానికి మాత్రం ఎవరూ తిరిగి అనలేదు. బాపు గడ్డం కర్ర మీదనుంచి ఎత్తకుండానే, "పటేలా, నేపాళం ఆకు మేక ముట్టదు. మరి ఎవ్వల బతుకు బాగుపడ్తది, నీదా, నా మేకదా" అన్నాడు.

"నీ మేకల కోసం రాష్ట్రం ఆగుతదా బాపూ" అన్నాడు పటేల్.

"ఏ రాష్ట్రం? ఉన్నదా, వచ్చేదా?" అన్నాడు బాపు. చాపిన చేతులు దించకుండానే ఆడవాళ్లు నవ్వారు. పటేల్ నవ్వలేదు. డ్రైవర్ వైపు చూసి, "ఏం సూస్తున్నవ్ రా, బండి శురూ చెయ్" అన్నాడు.

డ్రైవర్ పాపన్నపేట వైపు మనిషి. పొద్దున పసుపు కుంకుమలు పెట్టింది అతనే. బండి ఎక్కలేదు. "కొబ్బరికాయ కొట్టలేదు పటేలా" అన్నాడు.

"కొట్టు మరి."

"ప్రతిజ్ఞ సగంల ఆగింది. సగం మాట మీద కాయ కొడ్తే కీడు. అసలే ఆషాఢం, మంచి పని మొదలువెట్టే నెల కాదు. నా పిల్లల మీదికి వస్తది. నేను చెయ్య."

"నేను చెయ్య" అన్నారు ఆడవాళ్లు. ఈసారి మెల్లగా, అతనికి తోడు నిలిచినట్టు.

ఆఫీసరు కొంచెంసేపు ఆ చేతుల వైపు చూశాడు. "చేతులు దించండమ్మా" అన్నాడు. ఆ మాట కూడా అన్నారు గాని ఒక్క చేయి దిగలేదు. ఆయన సారును పక్కకు పిలిచి, "ఇక్కడ పండ్లు కాస్తాయని నాకెందుకు చెప్పలేదు" అని అడిగాడు. సారు, "మీరు అడగలేదు సార్" అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఆ నిజం నాకు ఇంకా అరగలేదు. ఒకడు అడగలేదు, ఒకడు చెప్పలేదు, ఇద్దరి మధ్య మా వదిన తిండి.

జీపు వెళ్లిపోయింది. వెనకాలే పొక్లెయిన్ నిమ్మకాయలు నలగగొట్టుకుంటూ పోయింది. కొబ్బరికాయ ప్లేటులో అట్లాగే ఉండిపోయింది. దేవుడికి కొట్టని కాయ దేవుడిది కాదని మా వదిన తేల్చి చెప్పి ఇంటికి తీసుకుపోయి పచ్చడి నూరింది.

ఆ సాయంత్రం సారు మా ఇంటికి వచ్చాడు. చెప్పులు విడవకుండా గడప బయటే నిలబడి, "అక్కా, నా నౌకరి పోయేటట్టు జేసినవ్" అన్నాడు.

"నా వదినె తిండి పోయేటట్టు రాసింది ఎవ్వలు సారూ?"

"నేను రాయలె. ఆఫీసుల రాసిండ్రు."

"కాగితం పట్టుకున్నది నువ్వే గద. నాకు జ్ఞ నేర్పినోనివి. నిరుపయోగం అనే మాట నీకు కనవడలేదా? పుట్టిన కాడికెల్లి గా గుట్ట పండ్లు తినలేదా నువ్వు?"

తిన్నానన్నట్టు తలూపాడు. తరువాత, "మన రాష్ట్రం మనకొస్తే గిట్ల కాదక్కా. మన గుట్ట పేరు మనోళ్లకు తెలుస్తది" అన్నాడు. ఆ మాట ఆయన నమ్మే అన్నాడు. లోపలినుంచి వదిన పిలిచి పచ్చడితో రొట్టె పెట్టింది. తిన్నాడు. ఏ కాయ పచ్చడో తెలిసే తిన్నాడు. ఆయన నౌకరి పోలేదు గాని ఆయనే మానేశాడు.

మేము గెలిచామని ఎక్కడైనా రాసుకుంటే అబద్ధం. శ్రావణం రాగానే మంచిరోజు చూసుకుని వచ్చారు. ఈసారి షామియానా లేదు, మైకు లేదు, ఆఫీసరు లేడు, డ్రైవర్ కూడా వేరేవాడు. మేము బస్టాండులో, బీడీల కార్ఖానాలో ఉన్న వేళ చూసి గుట్టకు రోడ్డు వైపు ముఖమంతా గీకేశారు. వదిన పోయి చూసేసరికి పిందెలతో సహా చెట్లు కుప్పగా పడి ఉన్నాయి. ఆమె ఏడ్వలేదు. కుప్పలోంచి కొమ్మలు లాగి కట్టె మోపు కట్టుకుంది. "పొయ్యిల పెట్టుకుంట. వీండ్ల పేరు చెప్పుకోని అన్నం వండుకుంట" అంది. వెనక ముఖం మాత్రం రాళ్లు ఎక్కువని ముట్టలేదు. మిగిలిన సగం మీదే ఆమె తన కాలం వెళ్లదీసింది. గంప సగమైంది. రాత్రి అన్నం పొద్దటికి దాచుకునే అలవాటు ఆ ఏడే మొదలైంది.

నేపాళం మొక్కలు నాటారు. మాలో కొందరం ఆ పనికి పోయాము కూడా. పోక ఏం చేస్తాం. వదిన పోలేకపోయింది, గుంత తవ్వే కాలు కాదు ఆమెది. మొదటి ఎండాకాలం ట్యాంకరుతో నీళ్లు పోశారు, రెండో ఎండాకాలం పోయలేదు. బతికినవి బతికాయి. గింజ కాసింది. ఏరుకొని పట్నం పోయి అడిగితే కొనే దిక్కు లేదు. ఏ బస్సూ ఆ నూనెతో నడవలేదు. అదే కాలంలో హైదరాబాదు నుంచి ఐస్‌క్రీం చేసేవాళ్లు సీతాఫలం గుజ్జు కోసం వ్యాన్లు వేసుకుని మెదక్ చుట్టుపక్కల తిరిగారు. "మీ గుట్ట పండు మస్తుంటదట గద" అని మా వాడకు కూడా వచ్చారు. వదిన దగ్గర ఉన్నది ఒకే గంప. జిల్లాకు కొత్త బతుకు అన్నారే, అది ఆ గుట్ట మీదే కాసి కన్ను తెరుచుకుని కూర్చుంది. దాన్నే వేర్లతో సహా తీసేసి బతుకు తెస్తామన్నారు.

రాష్ట్రం వచ్చింది. వచ్చిన రోజు నేను కూడా రోడ్డు మీదికి పోయి రంగు చల్లుకున్నాను, సంతోషించాను, ఆ సంతోషం వెనక్కి తీసుకోను. ఆ తరువాత వానాకాలంలో మళ్లీ మొక్కల బండి వచ్చింది. దిగినవాళ్లు మావాళ్లే, మాట మా మాటే. నన్ను పెద్దమనిషినని ముందు నిలబెట్టారు. ఒక పిల్ల ఆఫీసరు గుట్ట వెనక ముఖం వైపు చేయి చూపించి, "అవ్వా, గీ ఖాళీ జాగంత నింపుదాం" అంది. ఖాళీ జాగ అంట. వదిన అప్పటికి పోయి ఏడాది. నేను ఆ పిల్లను తిట్టలేదు. చేయి పట్టుకుని, "ముందు దీని పేరు అను బిడ్డా, పండ్లగుట్ట" అన్నాను. "పండ్లగుట్ట" అంది. ఇంకోసారి అనిపించాను. ఆ తరువాత మొక్కలు రోడ్డు ముఖం మీద, నేపాళం ఎండిపోయిన చోట నాటించారు. వెనక ముఖం వైపు బండి పోలేదు. మళ్లీ పోదని నేనేమీ హామీ ఇవ్వలేను. అందుకే రాస్తున్నాను.

ఆ సోమవారం గుట్ట కింద ఉన్నవాళ్లను చెప్పి ఆపేస్తాను. పేర్లు రాయను, ఇంటి గుర్తుతో చెబితే మా వాడలో అందరికీ తెలుస్తుంది. మిషన్ మీద బట్టలు కుట్టే ఆమె, ఆమె తోడికోడలు. చాయ్ హోటల్ ఆమె. బీడీల కార్ఖానాలో నా పక్క చాపమీద కూర్చునే అక్కచెల్లెళ్లు. పూల గంపల ఆమె, పసిబిడ్డను చంకలో పెట్టుకుని. చాకలి అవ్వ, చూపు లేకున్నా చేయి చాపింది. కుమ్మరి వాళ్ల కోడలు, అప్పుడే కొత్తగా వచ్చింది. మేకలతో బాపు. కాగితం పట్టుకున్న సారు. రుమాలుతో ఆఫీసరు. పటేల్. బండి ఎక్కని పాపన్నపేట డ్రైవర్. మైకుతో నేను. మా అన్న అక్కడ లేడు, ఉన్నానని అందరికీ చెప్పుకున్నాడు. పెండ్లిలో పప్పు కలుపుకున్న పెద్దమనిషి కూడా లేడు. ముందు వరసలో, కర్ర చంకలో పెట్టుకుని, అందరికన్నా చివర చేయి దించింది మా వదిన.